ఎడమ గీత దగ్గరి మనిషి

కృపాకర్ ఫోన్ చేసేసరికి పర్వతాలు డ్యూటీలో ఉన్నాడు. మిర్యాలగూడ నుంచి సూర్యాపేట వచ్చే బస్సు, కాలు పెట్టే సందు లేదు. చేతిలో టికెట్ల మిషన్, భుజానికీ చెవికీ మధ్య ఇరికించిన ఫోను.

"అన్నా, దొరికింది!" అని అరిచాడు కృపాకర్.

"ఏం దొరికిందిరా?"

"క్యాసెట్. తొంభై ఏడు ఫైనల్. సూర్యాపేట, కోదాడ మ్యాచ్. అటక మీద పెండ్లి క్యాసెట్ల నడుమ ఉన్నది. హైదరాబాద్ల ఇచ్చి సాఫ్ చేయించిన. బొమ్మ ఎంత మంచిగున్నదనుకుంటున్నవ్! వచ్చే ఆదివారం రెండు గంటలకు మన కేబుల్ ఛానల్ల వేస్తున్న. మీరంత మా ఇంటికే రావాలె. కోదాడోళ్లను గూడ పిలిచిన."

పర్వతాలు మిషన్ నొక్కడం ఆపాడు. "ఆఖరు కూత గూడ ఉన్నదా అండ్ల?" అని అడిగాడు.

"ఉండకేంది? దానికోసమే కదన్నా ఏస్తున్నది. నువ్వు గూడ ఉన్నవ్. గీత కాడ నిలబడ్డవ్, పెద్ద పోటుగాని లెక్క."

ఫోన్ పెట్టేశాక పర్వతాలు రెండు స్టేజీల దాకా టికెట్లు కొట్టడం మరిచిపోయాడు. డ్రైవర్ అద్దంలోంచి చూసి, ఏమైందన్నట్టు కళ్లెగరేశాడు. పర్వతాలు ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపాడు. చేతులూపి నెట్టుకురావడం అతనికి కొత్త కాదు.

ఆ మ్యాచ్ గురించి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో సూర్యాపేట కాలేజీకీ కోదాడ కాలేజీకీ మధ్య కబడ్డీ అంటే ఆట కాదు, ఆస్తి తగాదా. రెండు ఊళ్ల మధ్య గట్టిగా గంట ప్రయాణం. ఆ గంటలో మునగాల దాకా ఉన్నవాళ్లు మనవాళ్లు, మునగాల దాటినవాళ్లు పగవాళ్లు. కోదాడలో పెడితే సూర్యాపేటవాళ్లు ఒప్పుకోరు, సూర్యాపేటలో పెడితే కోదాడవాళ్లు బస్సే ఎక్కరు. అందుకని ఫైనల్‌ను మిర్యాలగూడలో పెట్టారు. ఒక రైసుమిల్లు వెనక, వడ్లు ఆరబోసే జాగాలో ఎర్రమట్టి పోసి, పిల్లల మోకాళ్లు చెక్కుకుపోకుండా దాని మీద ఊక చల్లి, సున్నంతో గీతలు గీశారు. మిల్లు హమాలీలు బస్తాలెక్కి కూర్చున్నారు. పెళ్లిళ్లకు వీడియో తీసే కృపాకర్‌కు ఆ రోజు పెళ్లి లేదు. కెమెరా భుజాన వేసుకుని వచ్చేశాడు.

సూర్యాపేట జట్టుకు ప్రాణం సురేందర్. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కూతకు వెళ్లాడంటే ఒకణ్నయినా ముట్టకుండా వెనక్కి వచ్చేవాడు కాదు. అతనూ పర్వతాలూ సూర్యాపేటలో ఒకే గదిలో అద్దెకుండేవారు, ఒకే స్టవ్వు మీద వండుకునేవారు. సురేందర్ ఆడేవాడు, పర్వతాలు అరిచేవాడు. పర్వతాలుకు ఆట రాదు గానీ అరవడంలో అతన్ని మించినవాడు జిల్లాలోనే లేడు. గేమ్యా అనే జతగాడితో కలిసి పది డప్పులు పోగేసి, రెండు బస్సుల జనాన్ని మిర్యాలగూడకు తోలుకొచ్చింది అతనే.

పక్క గీతల దగ్గర నిలబడాల్సిన ఇద్దరు మనుషులు ఆ రోజు రాలేదు. అంపైర్ ఒక్కడే దిగాడు. ఏం చేస్తాడు పాపం, కాలేజీకి ఒకణ్ని ఇమ్మన్నాడు. కుడి గీతకు కోదాడ మనిషి, ఎడమ గీతకు సూర్యాపేట మనిషి. ఎవరి కాలు గీత దాటినా చెయ్యెత్తాలి, అంతే పని. సూర్యాపేటవాళ్లు పర్వతాలును ముందుకు తోశారు.

చివరి నిమిషం. ఇరవై ఏడు, ఇరవై ఏడు. కూత సురేందర్‌ది. వెళ్లాడు, కోదాడ కెప్టెన్ భుజం తట్టాడు, నలుగురు మీద పడబోతుంటే ఎడమ గీత పక్కనుంచి జారుకుంటూ వచ్చి నడిగీత మీద చెయ్యి వేశాడు. సూర్యాపేట గెలిచినట్టే. అంతలో కోదాడవాళ్లు, కాలు బయట పడిందని ఒంటికాలి మీద లేచారు.

అంపైర్ సురేందర్‌నే అడిగాడు. "లేదు సార్, లోపలనే ఉన్నది" అన్నాడు సురేందర్. "అయితే వాళ్లమ్మ మీద ఒట్టేయమనండి!" అని కోదాడ గుంపులోంచి ఎవరో అరిచారు. మన దగ్గర ఏ ఆటలో పేచీ వచ్చినా చివరికి తేలేది ఒట్టు దగ్గరే కదా. అంపైర్‌కూ ఆ దారి బాగుందనిపించింది. "ఒట్టు పెట్టు, పాయింట్ తీసుకో" అన్నాడు. రెండువేల మంది చూస్తున్నారు. సురేందర్ తల అడ్డంగా ఊపాడు.

"ఉన్నది చెప్పిన సార్. ఒట్టు మాత్రం పెట్టను."

సూర్యాపేట డప్పులు కూడా ఆగిపోయాయి. ఒట్టు పెట్టనివాడు దొంగ కాక మరేమిటి? అంపైర్ ఎడమ గీత వైపు తిరిగి, "నువ్వు చెప్పు బాబూ, నువ్వే కదా ఇక్కడున్నది" అన్నాడు.

"బయట పడ్డది సార్" అన్నాడు పర్వతాలు.

కోదాడ ఒక్క పాయింటుతో గెలిచింది.

అసలు సంగతేమిటంటే, పర్వతాలు చూడలేదు. సురేందర్ కోదాడ కెప్టెన్‌ను తట్టగానే, ఇక గెలిచేశామన్న సంబరంలో వెనక్కి తిరిగి, డప్పులు దంచమని గేమ్యాకు సైగ చేశాడు. మళ్లీ ఇటు తిరిగేసరికి సురేందర్ నడిగీత మీద ఉన్నాడు. గీత దగ్గర కాపలా పెడితే గీతనే చూడలేదని అంతమందిలో చెప్పుకోవడానికి నామోషీ అయింది. పైగా సురేందర్ ఒట్టు పెట్టనన్నాడు. లోపలే ఉంటే ఒట్టుకు వెనకాడటం ఎందుకు, బయట పడే ఉంటుంది అనుకున్నాడు. అనుకున్నదాన్ని చూసినట్టు చెప్పేశాడు.

సొంత జట్టని కూడా చూడకుండా నిజం చెప్పాడని కోదాడవాళ్లు అతన్ని భుజాలకెత్తుకున్నారు. వారం తిరక్కుండా సూర్యాపేటవాళ్లూ మెచ్చుకున్నారు. ఆ పేరు అతనితో పాటే సొంతూరు చివ్వెంలకు వచ్చింది. ఆ చుట్టుపక్కల పొలం గెట్ల దగ్గర ఏ పంచాయితీ వచ్చినా ఈ రోజుకీ పర్వతాలును పిలుస్తారు. అతను కుర్చీలో కూర్చుని, అటూ ఇటూ విని, తీర్పు చెప్పి, చాయ్ తాగి వస్తాడు. దోస్తు మీదనే సాక్ష్యం చెప్పిన మనిషి, మన మీద అబద్ధం చెప్తాడా అని రెండు పక్షాలూ తలూపుతాయి.

సురేందర్‌కు మాత్రం ఆ రోజుతోనే ఆట ముగిసింది. పెద్ద జట్టుకు ఎంపిక జరిగినప్పుడు, ఆట ఉంది గానీ నీతి లేదన్నారు. అందులో ఉండి ఉంటే ఆటల కోటాలో పోలీసు ఉద్యోగం వచ్చేది. అతని జాగాలో నిలబడ్డవాడికి వచ్చింది కూడా. సురేందర్ తల్లి రూతమ్మ పుట్టిల్లు కోదాడ. ఇంకేం, కోదాడవాళ్లకు అమ్ముడుపోయాడన్నారు. గది తలుపుల మీద రాళ్లు పడ్డాయి. పరీక్షలు కూడా రాయకుండా సురేందర్ ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని సొంతూరు దామరచర్ల వెళ్లిపోయాడు. ఆ పొద్దు పర్వతాలు గదిలో లేడు. లేకుండా చూసుకున్నాడు.

ఆరు నెలలకు రూతమ్మ మిర్యాలగూడ బస్టాండులో కనబడింది. తప్పుకుని పోబోతే ఆమే పిలిచింది. తిట్టినా బాగుండేది, తిట్టలేదు.

"మా ఇంట్ల ఎవ్వరం ఒట్టు పెట్టం బిడ్డా" అంది. "వాళ్ల నాయిన చర్చి సంఘంల పెద్ద. దేవుని మీద గాని, తల్లి మీద గాని, దేని మీద ఒట్టు పెట్టొద్దని చిన్నప్పటి సంది నేర్పిండు. నా కొడుకు పుట్టి ఒక్క ఒట్టు పెట్టలే. రెండేండ్లు కలిసి ఉంటిరి, అది నీకు తెల్వదా?"

తెలియదు. అదీ సిగ్గుచేటు. ప్రతి ఆదివారం తెల్లచొక్కా వేసుకుని ప్రార్థనకు వెళ్లే మనిషి పక్కన రెండేళ్లు పడుకుని, అతను అక్కడ ఏం వింటాడో ఒక్కనాడూ అడగలేదు. ఆ రోజు బస్టాండులో నిలబడ్డప్పుడే పర్వతాలుకు అంతా అర్థమైంది. అప్పుడే దామరచర్ల బస్సెక్కి ఉంటే సరిపోయేది. ఎక్కలేదు. ఈ నెల, వచ్చే నెల అనుకుంటూ ఇరవై ఎనిమిదేళ్లు లాగాడు. కండక్టరయ్యాక దామరచర్ల రూటు డ్యూటీ పడితే ఎవరినో ఒకరిని బతిమాలి మార్పించుకునేవాడు.

ఇప్పుడు క్యాసెట్ దొరికింది. అందులో తన తల ఎటు తిరిగి ఉందో కనబడుతుందా?

వెళ్లకుండా ఉండిపోదామనుకున్నాడు. కానీ తాను లేని గదిలో ఎవరో "అగో, పర్వతాలు సూస్తనే లేడు" అంటే? ఆ మాట తాను లేనప్పుడు పడటం కంటే తన ముందు పడటమే నయమనిపించింది. ఆదివారం మధ్యాహ్నం గేమ్యా బండి వెనక కూర్చుని మిర్యాలగూడ చేరాడు. గేమ్యాకు సూర్యాపేటలో టీ హోటలుంది. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది, కోదాడ పేరెత్తితే మండిపడటం మాత్రం తగ్గలేదు.

కృపాకర్ ఇంటి పై గదిలో గోడ సగం ఆక్రమించిన టీవీ. చాపల మీద, కుర్చీల్లో ఇరవైమంది దాకా ఉన్నారు. కోదాడ నుంచి వచ్చినవాళ్లకు పెద్ద సత్యానందం గారు. అప్పట్లో వాళ్ల గుంపును అరిపించినవాడు, ఇప్పుడు విత్తనాల దుకాణం నడుపుతున్నాడు.

"రండి రండి పర్వతాలు గారూ! మీ నోటి చలవే కదండీ మాకు కప్పొచ్చింది" అన్నాడు సత్యానందం.

"మల్ల మొదలుపెట్టిండు" అని పళ్లు కొరికాడు గేమ్యా.

టీవీకి దగ్గరగా చాప మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై నాలుగేళ్లుంటాయి. పొడుగ్గా, సన్నగా. పర్వతాలుకు ఆ కూర్చోవడంలోనే తెలిసిపోయింది ఎవరి కూతురో. ఆమె లేచి దగ్గరికి వచ్చింది.

"నమస్తే అంకుల్. నేను దీవెనను, సురేందర్ బిడ్డను. బళ్లె టీచర్ చేస్తున్న. మా నాన్న రానన్నడు. ఇంట్ల టీవీల పెడదామంటే రిమోట్ దాసిండు. అందుకే నేనొచ్చిన. మా నాన్న ఆడంగ నేనెప్పుడు సూడలే."

"ఎప్పుడు చెప్పలేదా నీకు?"

"కబడ్డీ పేరు తీస్తేనే లేసిపోతడు. నేను ఇస్కూల్ల మంచిగ ఉరికేదాన్ని అంకుల్, జిల్లాకు తీసుకపోతమన్నరు. నాన్న కాగితం మీద సంతకం పెట్టలే." ఆమె గొంతు తగ్గించింది. "మొన్న ఒక పెండ్లిల ఎవరో అన్నరు, మీ నాన్న ఆట అమ్ముకున్నడని. అది నిజమేనా అని అడగడానికి మా నాన్న ముంగట నాకు నోరు రాలే. గీత కాడ మీరే ఉన్నరట కదా. మీరు అబద్ధమాడరట."

పర్వతాలు కుర్చీ వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ చూశాడు. కృపాకర్ "కూసోండ్రి, కూసోండ్రి" అని లైటు ఆర్పేసి అతన్ని గట్టెక్కించాడు.

ఛానల్‌లో వచ్చేది అటు వస్తుండగా, ఇక్కడ టీవీకి కృపాకర్ తన దగ్గరి కాపీ తగిలించాడు; ముందు ఎవరిదో పెళ్లి సాగనంపు వచ్చింది. పెళ్లికూతురు ముక్కు తుడుచుకుంటోంది. ఆ క్యాసెట్ మీదే మ్యాచ్ తీశాడట కృపాకర్. "అరేయ్, వాళ్లకు పైసలు వాపస్ ఇచ్చినవా లేదా?" అని గేమ్యా అంటే గదంతా గొల్లుమంది. అంతలో పెళ్లికూతురు పోయి ఎర్రమట్టి వచ్చింది.

తర్వాత ముప్పావుగంట వాళ్లకు వయసు లేదు. ముట్టినప్పుడల్లా సూర్యాపేట వైపు అరిచింది, పట్టినప్పుడల్లా కోదాడ వైపు ఎగిరింది. గెలిచిందెవరో తెలిసీ గోళ్లు కొరుక్కున్నారు. పోయినవాళ్లు కనబడితే నిమిషం నెమ్మదించారు. సురేందర్ కూతకు వచ్చినప్పుడు మాత్రం రెండు పక్షాలూ ఒకటే మాట, "అబ్బ, ఏం కాలురా అది!" దీవెన రెండు చేతులతో నోరు మూసుకుని చూస్తోంది. మోచేతి దాకా ఊక అంటుకుని, నవ్వుతూ, చెమట తుడుచుకుంటున్న ఆ ఇరవై ఒక్కేళ్ల కుర్రవాణ్ని ఆమె ఎప్పుడూ ఎరగదు. పర్వతాలు ఎరుగును. అందుకే అతని కళ్లు చెమ్మగిల్లాయి.

చివరి కూత వచ్చింది. సురేందర్ వెళ్లాడు, తట్టాడు, ఎడమ గీత పట్టుకుని వచ్చాడు. కృపాకర్ అక్కడ ఆపి, వెనక్కి తిప్పి, మెల్లగా నడిపించాడు. టీవీలో సురేందర్ ఎడమ పాదం ఊక మీద ఆనింది. పాదానికీ సున్నపు గీతకూ మధ్య జానెడు ఎర్రమట్టి ఉంది.

"మళ్లీ వేయండి" అన్నాడు సత్యానందం. మళ్లీ వేశారు. మూడోసారి కూడా చూసి అతను కళ్లద్దాలు తీశాడు. "లోపలే ఉంది కదండీ" అన్నాడు నెమ్మదిగా.

గేమ్యా ఊరుకోలేదు. అదీ విచిత్రం. సూర్యాపేట తరఫున ఎగిరి గంతేయాల్సిన మనిషి అడ్డం తిరిగాడు. "టీవీల ఏం కనపడ్తదయ్యా? కెమెరా ఎక్కడ్నో అవతల ఉన్నది. పర్వతాలు అక్కడ్నే నిలబడి కండ్లతోని సూసిండు. దోస్తుకు ఎదురు చెప్పిన మనిషి. వాని మాట కంటె ఈ డబ్బా ఎక్కువనా?" అన్నాడు. నలుగురైదుగురు అవునవునన్నారు. సత్యానందం కూడా ఆలోచనలో పడి, "అదీ నిజమేలెండి, పక్కన నిలబడి చూసిన మనిషి కదా" అన్నాడు.

అందరూ పర్వతాలు వైపు తిరిగారు. దీవెన కూడా.

"మీరే చెప్పుండ్రి అంకుల్" అంది. "మీరు బయట పడ్డదంటే బయట పడ్డట్టే. నేను ఇగ మా నాన్నను ఏం అడగను."

ఒక్క మాట చాలు. కెమెరా అవతల ఉన్నది బిడ్డా, నేను దగ్గరుండి చూసిన, అంటే చాలు. గది మొత్తం నమ్మడానికి సిద్ధంగా ఉంది. తాను భయపడ్డది కూడా జరగలేదు, అతని తల ఎటు తిరిగి ఉందో ఇరవైమందిలో ఒక్కరూ చూడలేదు. పేరు పదిలంగా ఉంది. పర్వతాలు ఆ పేరును ఒకసారి తలచుకున్నాడు, ఎదురుగా కూర్చున్న పిల్ల ముఖం చూశాడు. అతనికి తన మీద తనకే రోత పుట్టింది.

"మీరంత కాలు సూస్తున్నరు" అన్నాడు. "నన్ను సూడుండ్రి."

"ఏంది?" అన్నాడు గేమ్యా.

"ఆ మూలకు, తెల్ల అంగీ ఏసుకున్నది నేను. కృపాకర్, మల్ల ఏయ్. కాలు సూడకుండ్రి, నా తలకాయ సూడుండ్రి."

కృపాకర్ వేశాడు. సురేందర్ గీత వెంట వస్తున్నంతసేపూ టీవీ మూలలో ఒక తెల్లచొక్కా వీపు కనబడింది. వీపే. తల అటువైపు. చెయ్యి గాల్లో లేచి డప్పుల గుంపును రెచ్చగొడుతోంది. సురేందర్ నడిగీత ముట్టాకే ఆ తల ఇటు తిరిగింది.

"నేను సూడలేదు" అన్నాడు పర్వతాలు. "సూడలేదని చెప్పడానికి సిగ్గయింది. వాడు ఒట్టు పెట్టనంటే బయటనే పడ్డదనుకున్న. మీ నాన్న ఏం తప్పు చెయ్యలే బిడ్డా. నేను చేసిన."

గేమ్యా టీవీ దగ్గరికి జరిగాడు. "నా దిక్కే సూస్తున్నవ్‌రా" అన్నాడు. "నాకు యాదికున్నది. నువ్వు చెయ్యెత్తినవ్, నేను డప్పు గుద్దిన. గట్ల ఎత్తినోడు గీతను ఎట్ల సూస్తడని నాకన్న తోచలేదు. వాని తలుపు మీద రాయి ఏసింది నేనేరా పర్వతాలూ." లేచి మెట్లు దిగి వెళ్లిపోయాడు. బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది. సత్యానందం తల దించుకుని, "ఇన్నేళ్లూ దుకాణంలో ఆ కప్పు పక్కన దిగిన ఫోటో పెట్టుకున్నానండీ" అని మాత్రం అన్నాడు.

దీవెన ఏడవలేదు, అరవలేదు. స్కూటీ తాళం తీసింది. "ఈ మాట నాకు కాదు అంకుల్, మా నాన్నకు చెప్పుండ్రి. ఎక్కుండ్రి, పోదాం" అంది.

మిర్యాలగూడ నుంచి దామరచర్ల దాకా ఆ పిల్ల వెనక కూర్చుని వెళ్లాడు పర్వతాలు. ఇరవై ఎనిమిదేళ్లు తప్పించుకున్న దారి అరగంట పైన కొంచెం, అంతే. దూరంగా కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనబడ్డాయి. సురేందర్ అందులో వెల్డింగు పని చేస్తాడని, మోకాలు సరిగా లేదని కృపాకర్ ఎప్పుడో చెప్పాడు.

సురేందర్ ఇంటి ముందు రేకుల నీడలో కూర్చుని మంచానికి నవారు అల్లుతున్నాడు. జుట్టు తెల్లబడింది. భుజాలు మాత్రం అవే. తలెత్తి కూతుర్ని, ఆ వెనక నిలబడ్డ మనిషిని చూశాడు. గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు.

"రా, కూసో" అన్నాడు. నవారు మాత్రం వదల్లేదు.

పర్వతాలు కూర్చోలేదు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి. "సురేందరూ, ఆ రోజు నేను సూడలేదురా" అన్నాడు.

"తెలుసు."

"ఏంది తెలిసేది?"

సురేందర్ నవారు బిగించి లాగి ముడి వేశాడు. "నడిగీత ముట్టి తల ఎత్తంగనే మొదలు నీ దిక్కే సూసిన. గెలిస్తే ముందు నిన్ను సూసుడే కదా నా అలవాటు. నీ వీపు కనపడ్డది. గేమ్యా దిక్కు తిరిగి ఎగురుతున్నవ్."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదురా? వాడు సూడలేదు సార్ అంటే అయిపోయేది కదా?"

"అంతల్నే అంపైర్ నిన్ను అడిగిండు. నా పానం నిమ్మలమైంది. బతికిపోయినం అనుకున్న. నువ్వు సూడలేదంటవ్, కూత మల్ల పెడ్తరు, మల్ల పోతే మల్ల తెస్త, నాకేం భయం." అతను ఇంకో వరస నవారు లాగాడు. "లోపలున్నదని నువ్వు చెప్పాల్నని నేననుకోలేరా. నాకోసం అబద్ధమాడాల్నని అసలే అనుకోలే. సూడలే సార్ అంటవనుకున్న. గంతే."

పర్వతాలు మెట్టు మీద కూలబడ్డాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా అతను ఆ క్షణాన్ని వెయ్యిసార్లు తిప్పి చూసుకున్నాడు. లోపల అనాల్సింది, బయట అన్నాను, అని ఏడ్చాడే తప్ప, తన దగ్గర మూడో మాట కూడా ఒకటి ఉండిందని, అన్నిటికంటే తేలికైంది అదేనని, సురేందర్ ఆశ పెట్టుకున్నది కూడా దాని మీదేనని ఒక్కనాడూ తోచలేదు.

"తర్వాతన్న ఎవ్వరికన్న చెప్పకపోతివి" అన్నాడు.

"చెప్తే ఏమంటరు? ఒట్టు పెట్టమంటరు" అని సురేందర్ నవ్వాడు. దీవెన గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె వైపు చూసి నవ్వు ఆపేశాడు. "ఈ పిల్లను ఆటకు పంపకపోవుడు మాత్రం నా తప్పే. దానికి నువ్వేం చేస్తవ్."

"నన్ను క్షమించురా."

"క్షమించిన. ఎప్పుడో క్షమించిన. ప్రార్థనల అది మాకు రోజు చేసే పనే." సురేందర్ నవారు చుట్ట పక్కన పెట్టి, మొదటిసారి అతని ముఖంలోకి సూటిగా చూశాడు. "గని మల్ల దోస్తానా అంటే నాతోని గాదు పర్వతాలూ. అప్పుడే వస్తే వేరే ముచ్చట. అమ్మ పోయే దాక అడిగింది, ఆ పిల్లగాడు వచ్చిండా అని. బస్టాండుల నీతోని మాట్లాడినంక నువ్వు తప్పకుండ వస్తవనుకున్నది. నేను గూడ కొన్నేండ్లు అనుకున్న. ఆదివారం తలుపు చప్పుడైతే నువ్వేమో అని లేసేటోన్ని. తర్వాత లేసుడు మానేసిన."

పర్వతాలుకు ఏడుపు ఆగలేదు. సురేందర్ ఓదార్చలేదు, విసుక్కోనూ లేదు. లోపలికి చూసి చాయ్ పెట్టమన్నాడు. దీవెన తెచ్చింది. ముగ్గురూ తాగారు. సురేందర్ మళ్లీ నవారు అందుకున్నాడు. మంచం సగమే అయింది. ఒకప్పుడైతే పర్వతాలు అటు చివర పట్టుకుని లాగేవాడు. ఇప్పుడు ఆ చివర దీవెన కూర్చుంది.

పొద్దు వాలుతోంది. పర్వతాలు గ్లాసు కింద పెట్టి లేచాడు. చెప్పులు వేసుకుని, "పోతున్నరా" అన్నాడు.

పోతున్న అనరాదు, పోయొస్త అనాలె అని సరిదిద్దే మనిషి మనలో ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఆ ఇంట్లో ఎవరూ సరిదిద్దలేదు.